భూమి రికార్డుల వెనుక స్టోరేజీ స్విచ్: అమరికలో పాటించవలసిన జాగ్రత్తలు

గురజాల, మాచర్ల ప్రాంతాల రైతు అడంగల్ నకలు కోసం మీ సేవ కేంద్రానికి వెళ్లినపుడు, అక్కడి కంప్యూటరు ఆ వివరాలను తనలో నుంచి తీసి ఇవ్వదు. అవి దూరాన ఒక డేటా సెంటరులోని డిస్కులలో భద్రపరచబడి ఉంటాయి. డిస్కులకూ, వాటిని చదివే సర్వర్లకూ మధ్య సుమారు 44 మిల్లీమీటర్ల ఎత్తున్న ఒక పెట్టె ఉంటుంది. దానినే స్టోరేజీ స్విచ్ అంటారు. దాని అమరికలో జరిగే చిన్న పొరపాటు ఒక మండలం రికార్డులన్నింటినీ ప్రమాదంలోకి నెట్టగలదు.

రాష్ట్రంలో 1998 నవంబరులో ప్రారంభమైన 'కార్డ్' పథకంతో రిజిస్ట్రేషన్ల వివరాలు కంప్యూటర్లలోకి చేరాయి. రాష్ట్రాలలో డేటా సెంటర్ల ఏర్పాటు పథకానికి కేంద్రం 2008లో ఆమోదం తెలిపింది. తరువాత 2011లో మీ సేవ, 2015లో మీ భూమి వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. సేవలు పెరిగిన కొద్దీ ఒక్కొక్క సర్వరులో విడివిడిగా డిస్కులు ఉంచే పద్ధతి చాలకపోయింది. సర్వరు పాడైతే అందులోని సమాచారం కూడా అందకుండా పోవడమే ఇందుకు కారణం. డిస్కులన్నింటినీ ఒకచోట చేర్చి, స్విచ్ ద్వారా అనేక సర్వర్లకు పంచే ఏర్పాటు ఆ లోటును తీర్చింది.

స్విచ్ పెట్టే గది విషయంలో పల్నాడులో ప్రత్యేక శ్రద్ధ అవసరం. వేసవిలో రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. పిడుగురాళ్ల పరిసరాలలో సున్నపు ధూళి అధికం. గది ఉష్ణోగ్రత 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండుట శ్రేయస్కరం. స్విచ్ ఏ వైపు నుంచి గాలిని పీల్చి ఏ వైపు వదులుతుందో నమూనాను బట్టి మారుతుంది. ర్యాకులోని సర్వర్ల గాలి దిశతో అది సరిపోవాలి. ర్యాకుకు ఎర్తింగ్ తప్పనిసరి. స్విచ్‌కు గల రెండు విద్యుత్ సరఫరాలను రెండు వేర్వేరు యూపీఎస్ లైన్లకు కలపాలి. రెండు తీగలనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చితే రెండవది ఉన్నా లేనట్లే.

కాంతి తీగల విషయానికి వస్తే, 16 గిగాబిట్ల వేగంలో ఓఎం3 తీగ 100 మీటర్ల వరకు, ఓఎం4 తీగ 125 మీటర్ల వరకు పనిచేస్తాయి. తీగను మడవరాదు. బిగించే క్షణం వరకు మూత తీయరాదు. కొనకు అంటిన ధూళి రేణువు ఒక్కటి చాలు, లింకు మాటిమాటికీ తెగిపోవడానికి. కొనలోకి కంటితో చూడరాదు. అందులోని లేజరు కంటికి కనిపించదు గాని హాని చేయగలదు.

అమరిక పూర్తయిన పిమ్మట సీరియల్ తీగ ద్వారా స్విచ్‌కు ఐపీ చిరునామా ఇచ్చి, తయారీదారు పెట్టిన పాస్‌వర్డును వెంటనే మార్చాలి. గడియారాన్ని సమయ సర్వరుతో జతపరచాలి. ఒకే వ్యవస్థలోని ప్రతి స్విచ్‌కూ 1 నుంచి 239 లోపు వేరొక డొమైన్ సంఖ్య ఉండాలి. సాధారణంగా రెండు స్విచ్‌లతో రెండు స్వతంత్ర మార్గాలు ఏర్పాటు చేస్తారు. ఈ రెండింటినీ ఒకదానికొకటి తీగతో కలపరాదు. కలిపితే ఒకదానిలోని తప్పు రెండవదానికీ పాకుతుంది. మరొక చోట వాడిన పాత స్విచ్‌ను తెచ్చినపుడు అందులోని పాత అమరికను పూర్తిగా తొలగించిన తరువాతే వాడాలి.

అన్నింటికంటె ముఖ్యమైనది జోనింగ్. ఏ సర్వరు ఏ డిస్కు పెట్టెను చూడవచ్చునో నిర్ణయించేది ఇదే. పొలానికి సర్వే రాయి ఎటువంటిదో డిస్కుకు జోను అటువంటిది. ప్రతి పోర్టుకూ 16 అంకెలు, అక్షరాల విశ్వవ్యాప్త సంఖ్య ఒకటి ఉంటుంది. ఒక జోనులో ఒక సర్వరు పోర్టును, దానికి అవసరమైన డిస్కు పోర్టులను మాత్రమే చేర్చడం ఉత్తమ పద్ధతి. హద్దు లేకుంటే కొత్తగా పెట్టిన సర్వరు ఇతరుల డిస్కును ఖాళీ డిస్కుగా భావించవచ్చు. దానిని సిద్ధం చేయమని సిబ్బంది ఒక్క మీట నొక్కితే అందులోని సమాచారానికి దారి చూపే పట్టిక చెరిగిపోతుంది. అందుచేత డిస్కు పెట్టెలో కూడా ఏ సర్వరుకు ఏ భాగమో విడిగా నిర్దేశించాలి. జోనులను రాసినంత మాత్రాన సరిపోదు. వాటిని భద్రపరచి, అమలులోకి తేవాలి. అమరిక నకలును స్విచ్‌కు వెలుపల కూడా దాచాలి.

అప్పగింతకు ముందు ఒక మార్గం తీగను ఊడదీసి, రెండవ మార్గంలో సేవ ఆగకుండా సాగుతున్నదీ లేనిదీ పరీక్షించాలి. ఈ పరీక్ష కాగితం మీద జరిగినట్లు రాసుకునేది కాదు. అయితే రెండు మార్గాలు ఉన్నాయని బ్యాకప్ మానరాదు. పొరపాటున తుడిచివేసిన రికార్డును ఏ స్విచ్ కూడా తిరిగి తేలేదు. బ్యాకప్‌ను వేరొక చోట ఉంచి, అప్పుడప్పుడు ఒక గ్రామం రికార్డును అందులో నుంచి తిరిగి తీసి, అసలుతో సరిచూడాలి.