రే అలెన్ గురి తప్పిన రోజులు

బాస్కెట్‌బాల్‌లో దూరం నుంచి బంతి వేసి పాయింట్లు తెచ్చే ఆటగాణ్ణి షూటర్ అంటారు. పొడగరి ఒకరోజు పాయింట్లు చేయలేకపోయినా రింగు కింద బంతులు అందుకుని జట్టును ఆదుకుంటాడు. షూటర్‌కు ఆ వెసులుబాటు తక్కువ. అతని పేరూ, జీతమూ, జట్టులో చోటూ అన్నీ గురి మీదే నిలబడి ఉంటాయి. ఆ గురి ఒక్కోసారి ఉన్నట్టుండి పోతుంది. నిన్నటిదాకా వలలో పడిన బంతి ఈరోజు అదే చోటు నుంచి, అదే చేతి నుంచి వెళ్లి రింగు అంచుకు తగిలి బయటపడుతుంది. క్రికెట్‌లో ఫామ్ పోయిందంటారే, అదే ఇది.

అయితే వరసగా నాలుగైదు బంతులు తప్పిన ప్రతిసారీ ఫామ్ పోయినట్టు కాదు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మూడు పాయింట్ల గీత రింగుకు ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాల దూరంలో, మూలల్లో 22 అడుగుల దూరంలో ఉంటుంది. రింగు అడ్డుకొలత 18 అంగుళాలు. అంత దూరం నుంచి నూటికి నలభై వేసేవాణ్ణి గొప్ప షూటర్ అంటారు. అంటే గొప్పవాడు కూడా పదింటిలో ఆరు తప్పుతాడు. అలాంటివాడు వేసే ఏ అయిదు బంతులు తీసుకున్నా, అయిదూ తప్పే అవకాశం నూటికి దాదాపు 8. సీజన్‌లో వందల బంతులు వేసేవాడికి ఇలాంటి వరసలు తప్పవు. చేయి అలాగే ఉంటుంది, లెక్క మాత్రం కొన్నాళ్లు వెక్కిరిస్తుంది.

బంతి వరసగా పడుతున్నప్పుడు తర్వాతిది కూడా పడుతుందనే నమ్మకం మీద చాలా చర్చే జరిగింది. థామస్ గిలోవిచ్, రాబర్ట్ వలోన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1985లో ఫిలడెల్ఫియా జట్టు ఆట వివరాలు పరిశీలించి, అది జనం భ్రమేనని తేల్చారు. ఆ లెక్క కట్టిన పద్ధతిలోనే ఒక లోపం ఉందని జాషువా మిల్లర్, ఆడమ్ సాంజుర్జో తర్వాత చూపించారు. వారి వ్యాసం 2018లో అచ్చయింది. కాబట్టి 'చెయ్యి తిరిగింది' అనే ఆటగాళ్ల మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. అంకెలన్నీ పక్కన పెట్టి చూసినా, నిజంగానే గురి చెడే రోజులు ఉంటాయి. వాటికి కారణాలూ ఉంటాయి.

మొదటి కారణం కాళ్లు. దూరపు షాట్‌కు శక్తి చేతి నుంచి కన్నా కాళ్ల నుంచే ఎక్కువ వస్తుంది. అలసిన కాళ్లతో ఎగిరితే బంతి రింగు ముందరి అంచు దగ్గరే ఆగిపోతుంది. రెండోది సందేహం. రెండు మూడు తప్పిన ఆటగాడు బంతి అందగానే వేయకుండా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ క్షణంలో ప్రత్యర్థి చెయ్యి ముందుకొస్తుంది, కదలికలో కుదురు పోతుంది. మూడో కారణం అభిమానులు పెద్దగా పట్టించుకోనిది, అసలు ముఖ్యమైనది. షాట్ షూటర్ చేతిలో మొదలు కాదు. అతనికి దారి చేసేవాడి దగ్గర, బంతి అందించేవాడి దగ్గర మొదలవుతుంది. జట్టు మారితే ఆ ఇద్దరూ మారిపోతారు.

ఈ మూడు కారణాలూ ఒకేచోట కలిసిన సందర్భం 2007-08 సీజన్‌లో బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు రే అలెన్‌ది. 1996లో లీగ్‌లోకి వచ్చిన అలెన్ మిల్వాకీలో, ఆ తర్వాత సియాటిల్‌లో ఆడాడు. రెండుచోట్లా జట్టు ఆట అతని చుట్టూ తిరిగేది. 2006-07లో సియాటిల్ తరఫున మ్యాచ్‌కు సగటున 26.4 పాయింట్లు చేశాడు. ఆ సీజన్ ముగిసేలోపే రెండు చీలమండలకూ ఆపరేషన్ జరిగింది. 2007 జూన్ 28న సియాటిల్ అతన్ని బోస్టన్‌కు ఇచ్చేసింది. నెల తిరిగేసరికి మినెసోటా నుంచి కెవిన్ గార్నెట్ కూడా అక్కడికే చేరాడు. పాల్ పియర్స్ అప్పటికే బోస్టన్ నాయకుడు. అంతకుముందు సీజన్‌లో 24 గెలుపులతో సరిపెట్టుకున్న జట్టు, ఈ ముగ్గురితో 66 గెలిచింది.

ఆ గెలుపు కోసం ముగ్గురూ తమ వాటా తగ్గించుకున్నారు. పియర్స్ సగటు 25 నుంచి 19.6కు, గార్నెట్ సగటు 22.4 నుంచి 18.8కి దిగాయి. అందరికన్నా ఎక్కువ వదులుకున్నది అలెనే. మ్యాచ్‌కు 21 షాట్లు వేసేవాడు 13 లేదా 14తో సరిపెట్టుకున్నాడు. సగటు 17.4 పాయింట్లకు పడింది. ఇది చిన్న మార్పు కాదు. ఇరవై షాట్లు దొరికేవాడికి మొదటి మూడూ తప్పినా బెంగ ఉండదు, మిగిలినవాటిలో సర్దుకోవచ్చు. పన్నెండే దొరికేవాడికి ప్రతి షాట్ బరువెక్కుతుంది. నిమిషాల తరబడి బంతి ముట్టకుండా పరుగెత్తి, ఒక్కసారిగా అందుకుని గురి చూడాలి. అది వేరే ఉద్యోగం అన్నా తప్పులేదు.

ఆ ఉద్యోగంలో స్క్రీన్ అన్నది ప్రధానమైన పనిముట్టు. ఒక ఆటగాడు కదలకుండా గోడలా నిలబడతాడు. షూటర్ అతని భుజాన్ని రాసుకుంటూ పరుగెత్తుతాడు. వెంట వచ్చే ప్రత్యర్థి ఆ గోడకు తగిలి ఆగిపోతాడు. షూటర్‌కు అర సెకను సమయం చిక్కుతుంది. బోస్టన్‌లో ఆ గోడలు గార్నెట్, కెండ్రిక్ పెర్కిన్స్. బంతి అందించేది రెండో ఏడాది ఆటగాడు రాజాన్ రోండో. షూటర్ ఎప్పుడు వంపు తిరుగుతాడో, బంతి ఛాతీ ఎత్తులో కావాలో కొంచెం పైన కావాలో పాస్ ఇచ్చేవాడికి తెలియాలి. పాస్ మోకాళ్ల దగ్గరికి వచ్చినా, ఒక అడుగు వెనకగా వచ్చినా చిక్కిన అర సెకను వృథా. రోండోకు దూరపు షాట్ బలహీనం కాబట్టి ప్రత్యర్థులు అతన్ని వదిలేసి మిగిలినవారి దారులు మూసేవారు. అలెన్‌కు దొరికే ఖాళీ ఇంకా తగ్గేది.

సీజన్ మొదట్లో ఇవేవీ అడ్డుగా కనిపించలేదు. రెండో మ్యాచ్‌లోనే, నవంబర్ 4న, టొరంటో మీద అదనపు సమయంలో అలెన్ వేసిన మూడు పాయింట్ల షాట్ జట్టును గెలిపించింది. అదే నెల 24న షార్లెట్‌లో ఆట ముగిసే క్షణాన మరొకటి వేసి 96-95తో గెలిపించాడు. అసలు పరీక్ష కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో ఎదురైంది. అక్కడ ఒకే ప్రత్యర్థితో ఏడు మ్యాచ్‌ల దాకా ఆడాలి. అవతలి కోచ్‌లు ప్రతి స్క్రీన్‌నూ వీడియోలో చూసి, ఏ దారిలో అడ్డుపడాలో నేర్పి పంపుతారు. పట్టుకోవడం, తోయడం పెరుగుతాయి. అప్పటికి అలెన్‌కు 32 ఏళ్లు.

ఆ ప్లేఆఫ్స్‌లో క్లీవ్‌లాండ్‌తో మొదటి మ్యాచ్ 2008 మే 6న జరిగింది. బోస్టన్ 76-72తో గెలిచింది. అలెన్ నాలుగు షాట్లు వేశాడు, నాలుగూ తప్పాయి, పాయింట్లు సున్నా. ఆ సిరీస్ మొత్తంలో సగటు 9 పాయింట్ల దగ్గరే ఆగింది. ఏడో మ్యాచ్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ 45, పియర్స్ 41 పాయింట్లతో హోరాహోరీగా తలపడితే అలెన్ చేసింది 4. వయసు మీదపడిందనీ, అతని కథ ముగిసిందనీ అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

కోచ్ డాక్ రివర్స్ మాత్రం అతన్ని పక్కన పెట్టలేదు. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌లో బోస్టన్ ఆడిన 26 మ్యాచ్‌లలోనూ మొదటి అయిదుగురిలో అలెన్ ఉన్నాడు. ఇది మొహమాటంతో చేసిన పని కాదు, ఆట తెలిసినవాడి లెక్క. గురి తప్పుతున్న షూటర్‌ను కూడా ప్రత్యర్థి వదిలేసి పోలేడు. అతను పరుగెత్తినంత సేపూ ఒక మనిషి వెంటాడాల్సిందే, ఆ మేరకు పియర్స్‌కూ గార్నెట్‌కూ చోటు ఏర్పడుతుంది. పైగా ఫామ్ పోయినవాణ్ణి కూర్చోబెడితే పాస్ ఇచ్చేవాడితో అతని పొత్తు మళ్లీ మొదటికొస్తుంది.

అలెన్ కూడా తన పద్ధతి మార్చుకోలేదు. మ్యాచ్‌కు మూడు గంటల ముందే ఖాళీ కోర్టుకు వచ్చి ఒక క్రమంలో, ఎంచుకున్న చోట్ల నుంచి బంతులు వేయడం అతని అలవాటు. ఒంటరి సాధన చేతిని సిద్ధంగా ఉంచుతుంది. పొత్తు మాత్రం మ్యాచ్‌లోనే కుదరాలి, కుదిరింది కూడా. తర్వాతి సిరీస్‌లో డెట్రాయిట్‌తో రెండో మ్యాచ్‌లో 25 పాయింట్లు చేశాడు. ఆ మ్యాచ్ ఓడినా చెయ్యి తిరిగి వచ్చింది. అయిదో మ్యాచ్‌లో 29 చేసి 106-102తో గెలిపించాడు.

ఫైనల్లో లాస్ ఏంజెలిస్ లేకర్స్ మీద ఆడింది వేరే అలెన్ అనిపిస్తుంది. నాలుగో మ్యాచ్‌లో బోస్టన్ 24 పాయింట్లు వెనకబడింది. అలెన్ 48 నిమిషాలూ విరామం లేకుండా ఆడాడు. చివరి క్షణాల్లో దూరం నుంచి వేయకుండా సాషా వూయాచిచ్‌ను దాటుకుని రింగు దాకా దూసుకెళ్లి పాయింట్లు చేశాడు. జట్టు 97-91తో గెలిచింది. జూన్ 17న ఆరో మ్యాచ్ 131-92తో ముగిసింది. అందులో అలెన్ వేసిన మూడు పాయింట్ల షాట్లు 7, అప్పటి ఫైనల్స్ రికార్డుతో సమానం. ఆరు మ్యాచ్‌లలో కలిపి 22, అది కొత్త రికార్డు. చీలమండల ఆపరేషన్ జరిగిన ఏడాదికే ఇదంతా చేశాడంటే ఆ మనిషి క్రమశిక్షణకు చేతులెత్తి మొక్కాలి.

అంతటివాడికీ గురి శాశ్వతం కాలేదు. 2010 ఫైనల్ రెండో మ్యాచ్‌లో మూడు పాయింట్ల షాట్లు 8 వేసి రికార్డు సృష్టించాడు. రెండు రోజుల తర్వాత మూడో మ్యాచ్‌లో 13 షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు. ప్రత్యర్థి అదే, తోటి ఆటగాళ్లూ వాళ్లే.

2012లో అలెన్ మయామీ హీట్‌కు మారాడు. ముప్పై ఏడేళ్ల వయసులో మళ్లీ కొత్త తోటివాళ్లు, ఈసారి బెంచీ మీది నుంచి లేచి వచ్చి ఆడే పాత్ర. 2013 జూన్ 18న శాన్ ఆంటోనియోతో ఫైనల్ ఆరో మ్యాచ్‌లో మయామీ 95-92తో వెనకబడి ఉంది. ఓడితే కప్పు పోయినట్టే. అప్పటికి మయామీలో ఉన్న లెబ్రాన్ జేమ్స్ షాట్ తప్పింది. అదే జట్టు ఆటగాడు క్రిస్ బాష్ ఆ బంతిని అందుకున్నాడు. అప్పటికే అలెన్ వెనక్కి అడుగులు వేసుకుంటూ కుడి మూలకు చేరుతున్నాడు. బాష్ పాస్ అక్కడికే వచ్చింది. 5.2 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు సమమైంది. మయామీ అదనపు సమయంలో ఆ మ్యాచ్‌నూ, ఏడో మ్యాచ్‌లో కప్పునూ గెలిచింది. అలెన్‌కు అది రెండో టైటిల్.