పన్ను ఎక్కువ, బడి నిధి తక్కువ: ఎడ్జ్‌వుడ్ వ్యాజ్యం

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలల నిధుల్లో పెద్ద భాగం స్థానిక ఆస్తిపన్ను నుంచే వస్తుంది. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో, మెక్సికన్ అమెరికన్ పేదలు నివసించే ఎడ్జ్‌వుడ్ పాఠశాల జిల్లా 1967-68లో నూరు డాలర్ల ఆస్తి విలువకు 1.05 డాలర్ల పన్ను విధించింది. రాష్ట్ర పథకానికి చెల్లించవలసిన వాటా పోగా విద్యార్థికి మిగిలింది 26 డాలర్లు. సంపన్నుల ఆలమో హైట్స్‌లో 0.85 డాలర్ల పన్నుకే 333 డాలర్లు మిగిలాయి. పేదలకు చదువుపై శ్రద్ధ లేదనే వాదన ఈ అంకెల ముందు నిలవదు.

డిమెట్రియో రోడ్రిగ్జ్ తదితర తల్లిదండ్రుల వాదనను 1973లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో తోసిపుచ్చింది. విద్య సమాఖ్య రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కు కాదన్నది. దానితో పోరాటం రాష్ట్ర న్యాయస్థానాలకు మళ్లింది. 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు, రాష్ట్ర రాజ్యాంగంలోని 'సమర్థ' అనే ఒక్క విశేషణం ఆధారంగా, ఎడ్జ్‌వుడ్ పక్షాన ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. అదే న్యాయస్థానం 2016లో, నిధుల విధానం లోపరహితం కాదంటూనే, అది రాజ్యాంగబద్ధమని నిర్ణయించింది.