ఇంటి చిత్రశాలలో తీగెల పొందిక

ఉరగమనగా సర్పము. పడగను బోలిన కొండవలన మా యూరికి ఉరవకొండ యని పేరు వచ్చెనందురు. హోం థియేటరు వెనుక చిక్కువడిన తీగెలును సర్పములే. పసిబిడ్డ యొకటి లాగినచో టీవీ మీద బడును.

230 వోల్టుల కరెంటుతీగెను శబ్దపుతీగె ప్రక్కనే పొడవునా పరపినచో స్పీకరులో రొద పుట్టును. దాటక తప్పనిచోట, పడుగునకు పేకవలె అడ్డముగా దాటింపవలెను. మగ్గము లెరిగిన మా యూరి యిల్లాండ్రకు ఇది చెప్పనక్కరలేదు. తీగెలను వదులుగా కట్టి, రెండు కొనలకును పేరుచీటీ లంటింపుడు.

అన్నిటికంటె ముఖ్యము ఎర్తుతీగె. లోహపు పెట్టెలోనికి జారిన విద్యుత్తును నేలకు దింపునది అదియే. ఎర్తుగుంతలోని మన్ను తడిగా నున్నప్పుడే అది చక్కగా పనిచేయును. మా సీమలో వేసవి వచ్చినచో నేల బీటలువారును. పురుషులు స్పీకరుల వెల విచారింతురుగాని ఆ గుంతను జూడరు. నీటి కరవున్నను, బియ్యము, కూరలు కడిగిన నీటినైనను మేము వారమునకొక బిందెడు అందు పోయుచున్నాము.