బీరువాలోంచి పిల్లల చేతుల్లోకి...

జూన్‌లో బడి తెరిచిన మొదటివారం. ఖమ్మం జిల్లా వేంసూరు మండలంలో మర్లపాడైనా కందుకూరైనా, లేదంటే అటు అడవి అంచున ఉన్న ఏ గూడెమైనా సరే... ప్రాథమిక పాఠశాల గది తలుపు తీయగానే ఎదురుగా కనిపించేవి రెండే. ఒకటి నల్లబల్ల, రెండోది బీరువా. నల్లబల్ల అందరిదీ. బీరువా మాత్రం తాళంచెవి ఎవరి దగ్గరుంటే వారిదే!

ఆ బీరువాలో ఏముందో ఒకటో తరగతి పిల్లాడికి తెలియదు. గ్లోబు ఉండొచ్చు. రంగురంగుల పూసల చట్రం ఉండొచ్చు. బడి పెట్టెలో ఎప్పుడో వచ్చిన భూతద్దం ఉండొచ్చు. వాడికి కనిపించేది మాత్రం బీరువా తలుపు మీద సున్నంతో రాసిన బడి పేరు, ఆ కింద ఓ నంబరు. అంతే!

ఇది ఒక్క వేంసూరు కథే కాదు. కాకపోతే ఇలాంటి మండలాల్లో ఆ తాళం ఖరీదు మరీ ఎక్కువ. చిన్న ఊళ్ల బడుల్లో ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకోవాల్సి వస్తుంది. మూడో తరగతికి భాగహారం చెబుతుంటే ఒకటో తరగతి ఏం చేయాలి? చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఆరేళ్ల పిల్లలు ఎంతసేపు కూర్చుంటారు? రెండు నిమిషాలు దాటితే పలకల యుద్ధం మొదలవుతుంది. అందుకే సర్దుబాటు తెలిసిన టీచర్లు బల్లలకన్నా ముందు డబ్బాలు సర్దుకుంటారు. పిల్లలే లేచి వెళ్లి, తమకు కావాల్సింది తీసుకుని, పని చూసుకుని మళ్లీ అక్కడే పెట్టేలా గది అమరితే... ఆ టీచరుకు ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఆ ఇరవై నిమిషాల్లోనే మూడో తరగతికి భాగహారం వస్తుంది!

నల్లబల్ల పథకం... నల్లబడిన సామాను

బోధన సామగ్రిని ప్రభుత్వమే బడికి పంపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత 1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్’ మొదలుపెట్టింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, చదువుకు అవసరమైన సామాను... ఇదీ దాని లక్ష్యం. ఆ సామానులో గ్లోబు, పటాలు, చార్టులు, సైన్స్ పెట్టె, లెక్కల పెట్టె, చిన్న పనిముట్లు, బంతులు, స్కిప్పింగ్ తాళ్లు, గంట కూడా ఉన్నాయి.

సామాను వచ్చింది. వెంటనే స్టాకు రిజిస్టరులోకి ఎక్కింది. అసలు చిక్కు అక్కడే! రిజిస్టరులో ఉన్న గ్లోబు పిల్లల చేతిలో పగిలితే జవాబు చెప్పాల్సింది ఎవరు? బదిలీ అయి వెళ్లేటప్పుడు చార్జి అప్పగించాలంటే లెక్క సరిపోవాలి కదా! దాంతో చాలాచోట్ల గ్లోబు పాలిథిన్ కవరుతోనే బీరువాలోకి వెళ్లింది, కవరుతోనే పాతబడింది. ఇందులో టీచర్లను తప్పుపట్టడం తేలిక. కానీ పగలనివ్వని వస్తువు వాడకానికి పనికిరాదన్న చిన్న సంగతి ఆ రిజిస్టరు తయారుచేసిన వారికి తట్టి ఉంటే బాగుండేది.

అదే రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరో ప్రయత్నం జరిగింది. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం... టీచర్ల భాషలో ‘అపెప్’. 1980ల్లో కొన్నిచోట్ల ప్రయోగంగా మొదలై, 1989 నుంచి రాష్ట్రమంతటికీ పాకింది. టీచర్లకు అది ఆరు సూత్రాలు నేర్పింది. కృత్యాలు తయారుచేసుకోవడం, పిల్లలు చేసి నేర్చుకోవడం, జట్లుగానూ ఒంటరిగానూ పని చేయించడం, పిల్లల మధ్య తేడాల్ని గుర్తించడం, పరిసరాల్ని వాడుకోవడం... ఇవి అయిదు. ఆరోది, అందరూ తేలిగ్గా తీసుకున్నదీ ఇదే. పిల్లలు చేసిన వాటిని ప్రదర్శిస్తూ తరగతి గదిని ఆసక్తిగా తీర్చిదిద్దుకోవడం, దాన్ని చక్కగా నిర్వహించుకోవడం. అంటే గదిని సర్దుకోవడం కూడా పాఠం చెప్పడంలో భాగమే అన్నమాట! ఇప్పటికీ బడుల్లో గోడకు ఆ మూల నుంచి ఈ మూలకు కట్టిన తీగ, దానికి క్లిప్పులతో వేలాడే పిల్లల బొమ్మలు కనిపిస్తే ఆ రోజుల చలవే అనుకోవచ్చు.

తర్వాత డీపీఈపీ వచ్చింది. 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చింది. ఆ కాలంలో ఒక్కో టీచరుకు బోధనోపకరణాల కోసం ఏడాదికి 500 రూపాయలు ఇచ్చేవారు. చార్టులు, స్కెచ్ పెన్నులు, జిగురు సీసా, కత్తెర, రబ్బరు బ్యాండ్ల పెట్టె... సత్తుపల్లి బజారుకు వెళ్లివస్తే ఖర్చయిపోయే సొమ్ము. చిన్నదే అయినా ఒక సుఖం ఉంది, ఏం కొనాలో టీచరే తేల్చుకునేవాడు. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక పిల్లల సంఖ్యను బట్టి బడి మొత్తానికి కలిపి ఒకే గ్రాంటు ఇస్తున్నారు. అందులోంచే చాక్‌పీసులు, అందులోంచే చీపుర్లు, ఫినాయిలు. చింతగింజల డబ్బా వంతు ఎప్పుడొస్తుందో ఊహించుకోవచ్చు.

అదృష్టవశాత్తూ చింతగింజలు కొనక్కర్లేదు!

ఇచ్చేది లేని అప్పు

ప్రాథమిక తరగతి టీచర్లను ‘మీకు బాగా నచ్చిన సాధనం ఏది?’ అని అడిగితే చాలామంది చెప్పే జవాబు పుల్లలు. అవును, ఉత్త పుల్లలే. చీపురు పుల్లలో, కొబ్బరి ఈనెలో, ఐస్‌క్రీమ్ పుల్లలో... ఏవైనా ఒకే పొడవుకు తుంచుకుంటే చాలు. పది పుల్లలకు ఒక రబ్బరు బ్యాండు వేస్తే కట్ట. పది కట్టలు ఒక డబ్బాలో పెడితే వంద. ఒకట్లు, పదులు, వందలు అన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి.

43 లోంచి 27 తీసేయాలి. బోర్డు మీదైతే ‘మూడులోంచి ఏడు పోదు, పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో’ అంటారు. ఆ మాట విన్న పిల్లాడికి పక్కిల్లు ఎవరిదో తెలియదు. తెచ్చిన అప్పు ఎప్పుడు తీర్చాలో ఎవరూ చెప్పరు. తీర్చక్కర్లేని అప్పు లోకంలో ఇదొక్కటే! అదే చేతిలో నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు ఉంటే... ఏడు తీయడానికి విడివి చాలవని వాడికే తెలుస్తుంది. ఒక కట్ట విప్పుతాడు. పదమూడు విడివి అయ్యాయి. ఏడు పక్కన పెడితే ఆరు. మిగిలిన మూడు కట్టల్లోంచి రెండు తీస్తే ఒకటి. పదహారు! అప్పూ లేదు, పక్కిల్లూ లేదు. రబ్బరు బ్యాండు ఊడిన చప్పుడు తప్ప.

పుల్లల తర్వాతి స్థానం గణితమాలది. వంద పూసల దండ... పది ఎర్రవి, పది తెల్లవి, మళ్లీ పది ఎర్రవి. నెదర్లాండ్స్‌లో లెక్కల బోధనలో వాడిన ఈ దండను మన దేశంలో ప్రచారంలోకి తెచ్చిన వాటిలో ఢిల్లీలోని జోడో జ్ఞాన్ సంస్థ ఒకటి. గోడకు అడ్డంగా పిల్లల ఎత్తులో కట్టి, 38 ఎక్కడుందో చూపించమంటే మొదట్లో ఒక్కొక్క పూసా లెక్కపెడతారు. కొన్నాళ్లకు మూడు రంగులు దాటి ఎనిమిది ముందుకు వెళతారు. ఇంకొన్నాళ్లకు నాలుగో రంగు చివరకు వెళ్లి రెండు వెనక్కి వస్తారు. ఆ వెనక్కి రావడం ఎవరూ చెప్పకుండానే వస్తుంది. ఇక్కడ ‘పిల్లల ఎత్తులో’ అన్న మాట ముఖ్యం. చాలా బడుల్లో చార్టులు పెద్దల కళ్లకు ఎదురుగా, అంటే తనిఖీకి వచ్చేవారి కళ్లకు ఎదురుగా ఉంటాయి. ఆరేళ్ల పిల్ల మెడ ఎత్తి చూడాల్సిందే.

మూడోది సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు. హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమంతో 1970ల్లో పరిచయమైన ఇంజినీరు అరవింద్ గుప్తా ఈ రెండింటితో బొమ్మలు చేసి చూపించారు. పారేసే వస్తువులతో ఆటబొమ్మలు చేసే ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. మూడు పుల్లలు కలిపితే త్రిభుజం, ఎంత నొక్కినా ఆకారం మారదు. నాలుగు కలిపితే చతురస్రం, వేలితో తోస్తే వంగిపోతుంది. ఇంటి పైకప్పు దూలాలు త్రిభుజంగా ఎందుకుంటాయో ఆ తర్వాత వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు గింజల దగ్గర ఓ జాగ్రత్త. ఎర్రగా, నల్ల చుక్కతో ముద్దుగా ఉంటాయని గురివింద గింజలు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. గురివిందలో ఉన్నది ప్రాణాంతకమైన విషం. నమిలి మింగితే ప్రమాదం. చింతగింజలు, కుంకుడు గింజలు చాలు. అవి కూడా అంగన్‌వాడీ వయసు పిల్లలకు అందకుండా పెట్టాలి. ముక్కుల్లో, చెవుల్లో పెట్టుకోవడంలో వాళ్లు ఆరితేరినవారు!

వంటింటి నుంచి వచ్చేవి మరో రకం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. అమ్మమ్మల ఇళ్లలో మూల పడి ఉన్న ఈ కొలతల గిన్నెలు బడికి వస్తే సగం, పావు, అరపావు అన్న భిన్నాలు ఇసుకలోనే తేలిపోతాయి. కుంచంలో ఎన్ని సోలలు? పదహారు. చెప్పడం కాదు, పోసి చూడమనాలి. తడి ఇసుక పోస్తే ఒకలా, పొడి ఇసుక పోస్తే మరోలా వచ్చి తగువులు పడతారు. పడనివ్వాలి.

ఇసుక నుంచి పలక దాకా

ఇసుక అంటే గుర్తొచ్చింది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడుల గురించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దడం, మసి, అన్నం కలిపి పూసిన చెక్క పలకలు, గంజితో బిరుసెక్కించి పుస్తకంలా మడిచిన గుడ్డ, దాని మీద రాసే తెల్లటి బలపం... అన్నీ అందులో ఉన్నాయి. అంతకుముందే మద్రాసు ఎగ్మోర్‌లోని అనాథ బడి చూసుకున్న ఆండ్రూ బెల్, ఇసుకలో రాస్తూ ఒకరికొకరు నేర్పుకునే మన పిల్లల్ని చూసి ఆ పద్ధతి తన బడిలో పెట్టాడు. 1797లో దాని మీద పుస్తకం అచ్చేశాడు. ఆ ఇసుక పద్ధతి ఇంగ్లండు బడులకూ వెళ్లింది.

మన దగ్గర ఇసుక తర్వాత రాతి పలకొచ్చింది. మార్కాపురం పలకలు చేతపట్టని తెలుగు పిల్లలు ఒకప్పుడు లేరు. ఇప్పుడు నోటు పుస్తకం ఒకటో తరగతిలోనే వచ్చేస్తోంది. అయినా అనుభవం ఉన్న టీచర్లు ఒక పళ్లెంలో సన్నటి ఇసుక పోసి పెట్టుకుంటారు. తప్పు రాస్తే అరచేత్తో చెరిపేయొచ్చు. ఎర్ర ఇంకు దిద్దుబాటు ఉండదు. పలకకూ, ఇసుకకూ ఉన్న ఆ గుణం పుస్తకానికి లేదు.

ఏరు అంటే నీళ్లా? వాగా?

సత్తుపల్లి దాటి దమ్మపేట, అశ్వారావుపేట వైపు వెళ్లేకొద్దీ పామాయిల్ తోటల మధ్య కోయ గూడేలు, లంబాడీ తండాలు వస్తాయి. ఇక్కడి టీచరుకు కావాల్సిన సామాను ఇంకొకటి ఉంది. అది ఏ కిట్‌లోనూ రాదు. కుండలో నీళ్లున్న బొమ్మకార్డు చూపించి ‘ఇదేంటి?’ అంటే కోయ పిల్ల ‘ఏరు’ అంటుంది. కోయభాషలో నీళ్లే ఏరు. తెలుగు టీచరుకు ఏరంటే వాగు. లంబాడీ పిల్లాడు ‘పాణి’ అంటాడు. ముగ్గురూ ఒప్పే చెప్పారు, మార్కులు మాత్రం ఒక్కరికే!

ఈ తిప్పలు చూసే ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, సవర, గోండి, లంబాడీ సహా ఎనిమిది భాషల్లో తెలుగు లిపితోనే మొదటి తరగతుల పుస్తకాలు తెచ్చారు. పుస్తకం ఉన్నా లేకున్నా, కార్డుల డబ్బా సర్దే తీరులో కొంత చేయొచ్చు. పెళ్లి పత్రికల వెనక ఖాళీ అట్ట మీద బొమ్మ గీసి, దాని కింద మూడు పేర్లూ రాసుకోవడం. ఆ పేర్లు చెప్పేది పిల్లలే. పెళ్లిళ్ల కాలం పోగానే ఊళ్లోంచి వందల పత్రికలు ఊరికే వస్తాయి. మందమైన అట్ట, ఒక పక్క నున్నగా, చిరగదు. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మాధ్యమం మొదలై, పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి కాబట్టి ఇప్పుడు నాలుగో పేరు కూడా చేరింది. కార్డు మీద చోటు సరిపోవడంలేదు, అదీ కష్టం.

2022 ఆగస్టులో రాష్ట్రం ‘తొలిమెట్టు’ ప్రారంభించింది. అయిదో తరగతిలోపు పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు కచ్చితంగా రావాలన్నది దాని ఉద్దేశం. దాంతోపాటే మండలాల్లో బోధనోపకరణాల మేళాలు మొదలయ్యాయి. టీచర్లు చేసిన సాధనాలు బల్లల మీద పరుస్తారు, బహుమతులూ ఉంటాయి. మంచిదే. పక్క బడి టీచరు చేసింది చూస్తే కొత్త ఆలోచన వస్తుంది. అయితే థర్మాకోల్ మీద మెరుపు కాగితం అంటించిన ఎన్ని నమూనాలు మేళా అయిన మర్నాడు పిల్లల చేతుల్లోకి వెళుతున్నాయన్నది అడగాల్సిన ప్రశ్న. బహుమతి వచ్చిందంటే దానికి మళ్లీ బీరువా యోగమే! పుల్లల కట్టకు బహుమతి రాదు. అది రోజూ పనిచేస్తుంది.

చెదలు, ఎలుకలు, ఏప్రిల్ ఎండలు

సర్దుకోవడం అంటే అందంగా పేర్చడమని కాదు. వేంసూరు లాంటి చోట శత్రువులు వేరే ఉన్నారు. గోడకు ఆనించిన చార్టుకు చెద పడుతుంది. మైదా జిగురుతో అంటించిన కార్డుల్ని ఎలుకలు వదలవు. వానాకాలం కురిసే కప్పు కింద ఏ మూల తడుస్తుందో పిల్లలకే బాగా తెలుసు. అందుకే కొందరు టీచర్లు చార్టుల్ని చుట్టి పెట్టకుండా తీగకు వేలాడదీస్తారు. గింజలు, మూతలు, పుల్లలు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి వెళతాయి. డబ్బా మీద పేరు రాస్తే చదవలేని పిల్లలకు ఏం లాభం? లోపల ఉన్నదాన్నే ఒకటి బయట అంటిస్తే సరి. చింతగింజ అంటించిన డబ్బాలో చింతగింజలు. కొన్నాళ్లకు దాని పక్కన ‘చిం’ అని రాస్తారు. మరికొన్నాళ్లకు గింజ ఊడిపోతుంది, అక్షరం మిగులుతుంది.

డబ్బాకో నాయకుడు ఉంటాడు. గంట కొట్టేముందు లెక్కపెట్టి అప్పగించడం వాడి పని. రెండు పుల్లలు తక్కువైతే బల్లకింద దూరి వెతుకుతారు. ఒకటో తరగతి పిల్లలు కూడికలు, తీసివేతలు నిజంగా చేసేది ఆ అయిదు నిమిషాల్లోనే అంటే అతిశయోక్తి కాదు. స్టాకు రిజిస్టరు పని కూడా అలాగే జరిగిపోతోంది!

ఏప్రిల్‌లో బడి మూసేముందు డబ్బాలన్నీ తుడిచి, వేపాకు వేసి, పైఅరలోకి ఎక్కిస్తారు. ఖమ్మం ఎండలకు రేకు డబ్బా లోపల ఏం జరుగుతుందో జూన్‌లో మూత తీస్తేగానీ తెలియదు. పుల్లలు అలాగే ఉంటాయి. చింతగింజలు అలాగే ఉంటాయి. రబ్బరు బ్యాండ్లు మాత్రం కరిగి కట్టలకు అంటుకుపోతాయి. అవి మళ్లీ కొనాల్సిందే.