లాప్‌టాప్ వైఫై కార్డు మార్చాలా? కొనేముందు ఇవి చూసుకోండి

ఈ ఎపిసోడ్ మొజంజాహీ మార్కెట్ దగ్గర్నుంచి. మీలో చాలామంది అడిగేది ఇదే. "అన్నా, ఇంట్లో 200 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. ఫోన్‌లో స్పీడు బాగానే వస్తోంది, లాప్‌టాప్‌లో 40 దాటట్లేదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో ఆగిపోతోంది. కొత్త లాప్‌టాప్ కొనాలా?"

చాలాసార్లు అక్కర్లేదు. లోపల బొటనవేలంత వైఫై కార్డు ఒకటి ఉంటుంది, దాన్ని మారిస్తే చాలు. కాకపోతే షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకోకూడదు.

ముందు తప్పు కార్డుదేనా కాదా తేల్చుకోండి. ఫోన్‌ని లాప్‌టాప్ పక్కనే పెట్టి, రెండింటినీ ఒకే వైఫైకి కలిపి, స్పీడ్ టెస్ట్ చేయండి. రెండూ స్లో అయితే రౌటర్ సంగతి చూడాలి. లాప్‌టాప్ ఒక్కటే స్లో అయితే డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ తెరిచి కార్డు పేరు రాసుకోండి. తక్కువ ధర పాత లాప్‌టాప్‌లలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకునే, ఒకే యాంటెన్నా ఉన్న కార్డులు వేసేవాళ్లు. వాటి లింక్ స్పీడే 150 ఎంబీపీఎస్ దాటదు. నిజంగా చేతికొచ్చేది అందులో సగం ఉంటే గొప్ప. పైగా అపార్ట్‌మెంట్‌లో అందరి రౌటర్లూ, బ్లూటూత్ కూడా అదే 2.4 మీద గుంపులు కడతాయి.

ఇప్పుడు కొనే సంగతి. మొదటిది సైజు. పాతవాటిలో హాఫ్ మినీ కార్డు, కొత్తవాటిలో ఎం.2 2230 కార్డు, అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 పొడవు. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు. కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో కార్డుని బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. అలాంటప్పుడు యూఎస్‌బీ వైఫై అడాప్టరే దారి.

రెండోది అసలైన మెలిక. ఇంటెల్ వైఫై 6 కార్డుల్లో ఏఎక్స్ 200, 210 అని ఉంటాయి, 201, 211 అని కూడా ఉంటాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో కూడా కూర్చుంటాయి. కానీ 201, 211లలో కార్డు చేసేది సగం పనే. మిగతా సగం ఇంటెల్ ప్రాసెసర్ వైపు జరుగుతుంది. అందుకే ఏఎండీ లాప్‌టాప్‌లో 211 పెడితే అసలు కనిపించనే కనిపించదు. ఏఎండీ వాళ్లకి 200 గానీ 210 గానీ సరిపోతుంది. మీ లాప్‌టాప్ 201తోనే వచ్చిందా? మళ్లీ 201 పెట్టుకోవడమే సేఫ్. అలాంటి స్లాట్‌లో 210 కొన్నిటిలో పనిచేస్తుంది, కొన్నిటిలో చేయదు.

మూడోది, కొన్ని పాత మోడళ్లలో కంపెనీ ఒప్పుకున్న కార్డు కాకపోతే ఆన్ చేయగానే ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. మీ మోడల్ నంబర్‌తో ముందే వెతకండి. వారంటీ ఉంటే విప్పకముందే సర్వీస్ సెంటర్‌ని అడగండి.

ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ మొజంజాహీలో ఐస్‌క్రీం తినొచ్చు, కార్డు మాత్రం దొరకదు. దగ్గర్లోని ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ ఎక్కువగా ఫోన్లకే. లాప్‌టాప్ పార్టులకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అంటే చినాయ్ ట్రేడ్ సెంటర్, వెళ్లండి. గాంధీభవన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ప్యారడైజ్‌లో దిగితే సరి. పాత కార్డు ఫొటో, లాప్‌టాప్ మోడల్ నంబర్ ఫోన్‌లో ఉంచుకోండి. "డిటెక్ట్ కాకపోతే వాపస్ తీసుకుంటారా?" అని డబ్బు కట్టకముందే అడగండి.

బిగించడం కష్టమేం కాదు. కొత్త కార్డు డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, లేకపోతే మార్చాక డౌన్‌లోడ్‌కి నెట్టే ఉండదు! చార్జర్ తీసి, వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. యాంటెన్నా వైర్లు ఏది ఎక్కడుందో ఫొటో తీసి, నిదానంగా పైకి లాగండి. ఒక స్క్రూ తీస్తే కార్డు ఏటవాలుగా లేస్తుంది. కొత్తది అదే ఏటవాలులో దూర్చి, స్క్రూ బిగించి, వైర్ల తలలు సరిగ్గా మధ్యలో పెట్టి నొక్కండి. అవి చాలా సున్నితం, వంకరగా నొక్కితే విరుగుతాయి. పాత లాప్‌టాప్‌లో ఒకే వైరు ఉంటే రెండో యాంటెన్నా కూడా వేయించాలి. లేకపోతే మంచి కార్డు పెట్టినా సగం స్పీడే.

చివరిగా బ్లూటూత్ కూడా చూడండి, అది కూడా ఈ కార్డులోనే ఉంటుంది. వైఫై కోసం నలభై వేలు పెట్టేముందు ఒక్కసారి ఆ మూత విప్పి చూడండి ఫ్రెండ్స్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!