గార తీశాకే పసుపు

ఆర్మూరు చుట్టుపక్కల పసుపు రైతులకు పాలిష్ అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. తవ్విన కొమ్ముల్ని ఉడకబెడతారు, పది పదిహేను రోజులు ఎండబెడతారు, ఆ తర్వాత డ్రమ్ములో పోసి తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి ఒరుసుకుని పైపొట్టూ, వేర్ల పీచూ, మట్టీ రాలిపోతాయి. ఆ పని జరగని సరుకు నిజామాబాద్ యార్డుకు పోతే మంచి ధర పలకదు. అంటుకుని గట్టిపడినదాన్ని రాపిడితోనే వదిలించాలని ఈ ప్రాంతానికి బాగా తెలుసు. చిగుళ్ల విషయంలో మాత్రం మనం ఈ ఎరుకను వాడుకోవడం లేదు. పళ్లు తోముకుంటుంటే రక్తం కనబడితే పసుపూ ఉప్పూ కలిపి రుద్దుతాం, నాలుగు రోజులకు రక్తం ఆగితే జబ్బు పోయిందనుకుంటాం. చిగుళ్ల జబ్బుకు మొదటి వైద్యం పంటికి పట్టిన గారను పరికరంతో తీయించడం. పసుపైనా, మందుబిళ్లయినా, లేజరైనా దాని తర్వాతి మాటే.

ఎందుకో అర్థం కావాలంటే జబ్బు ఎక్కడ పుడుతుందో చూడాలి. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో మామూలైపోయాయి. పంటి మీద పేరుకునే మెత్తని పాచే చిగుళ్ల వాపుకు కారణమని దాంతో తేలింది. పాచి అంటే సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగురు అల్లుకుని కట్టుకున్న కాపురం. రోజూ బ్రష్‌తో చెదరగొట్టకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులోకి దిగి అది రాయిలా గట్టిపడుతుంది. మనం గార అనేది దాన్నే. గరుకుగా ఉండే గార మీద కొత్త పాచి మరింత సులువుగా పడుతుంది. ఇది చిగురు కిందికి పాకితే చిగురు పంటి నుంచి విడిపోయి జేబులాంటి సందు ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న చోట ఆ సందు లోతు 3 మిల్లీమీటర్లు దాటదు. 5, 6, 7 అవుతున్నకొద్దీ లోపల ఎముక కరుగుతున్నట్టు. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి పన్ను కదిలేదాకా మనిషికి తెలియదు. ఆ సందు అడుగుకు బ్రష్ చేరదు, పుక్కిలించిన నీళ్లు చేరవు, పసుపు ముద్దా చేరదు. మింగిన యాంటీబయాటిక్ రక్తం ద్వారా అక్కడికి చేరినా, జిగురులో దాగిన సూక్ష్మజీవుల మీద దాని బలం చాలా తగ్గిపోతుంది.

అక్కడికి చేరగలిగేది సన్నని ఉక్కు మొన. అందుకే దంతవైద్యంలో ఈ పరికరాల మీద వందేళ్లుగా అంత శ్రద్ధ. గారను గీసే చేతి పరికరాన్ని క్యూరెట్ అంటారు. మామూలు క్యూరెట్‌కు రెండు వైపులా పదును ఉంటుంది. ఒక అంచు గారను గీస్తుంటే రెండోది చిగురును కోసే ప్రమాదం ఉంది. 1930లలో అమెరికాలోని మిషిగన్‌లో క్లేటన్ గ్రేసీ అనే దంతవైద్యుడు దీనికి ఒక దారి కనిపెట్టాడు. మొనను ఒక పక్కకు వాల్చి, ఒకే అంచు పనిచేసేలా చేశాడు. నోట్లో ఒక్కో చోటికి ఒక్కో వంపు ఇచ్చాడు. ముందు పళ్లకు ఒక నంబరు, దవడ పంటి ముందు వైపుకు మరొకటి, వెనక వైపుకు ఇంకొకటి. ఇప్పటికీ ప్రపంచమంతటా వాడుతున్నవి ఆయన పేరుతో ఉన్న క్యూరెట్లే. తర్వాత లోతైన సందుల కోసం కాడను 3 మిల్లీమీటర్లు పొడిగించినవి, ఇరుకు సందుల కోసం మొనను సగానికి తగ్గించినవి వచ్చాయి. పరికరం ఎంత బాగున్నా పనితనమంతా వేళ్లలో ఉంటుంది. మొనను పంటికి ఆనించి వాల్చి సందులోకి దించాలి, అడుగుకు చేరాక తిప్పి సరైన కోణంలో నిలపాలి, పక్క పంటి మీద వేలు ఊతంగా పెట్టుకుని చిన్న చిన్న గీతలతో పైకి లాగాలి. కన్ను చూడలేని చోట వేలికి తగిలే గరుకే గుర్తు. పదును పోయిన క్యూరెట్ గారను ఊడదీయకుండా నున్నగా సానపట్టి వదిలేస్తుంది. అలా మిగిలిన గార దొరకడం మరీ కష్టం.

యంత్రం వచ్చాక ఇదంతా అవసరమా అని అడగవచ్చు. అల్ట్రాసోనిక్ స్కేలర్ మొన సెకనుకు 25,000 సార్లకు పైగా కంపిస్తుంది, గారను పగలగొడుతుంది, వెంట వచ్చే నీళ్లు ఆ ముక్కల్ని కడిగేస్తాయి. పని త్వరగా అవుతుంది, వైద్యుడి చెయ్యి అలిసిపోదు. దవడ పంటి వేళ్లు చీలే చోట సన్నని స్కేలర్ మొన క్యూరెట్ కన్నా బాగా దూరుతుంది కూడా. కానీ 1980లలో స్వీడన్‌లో బాడర్‌స్టెన్, ఆమె సహచరులు చేతి పరికరాలనూ యంత్రాన్నీ పోల్చి చూసినప్పుడు చిగుళ్లు మానడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తర్వాతి సమీక్షలూ అదే చెప్పాయి. యంత్రానికీ కోణం కావాలి: మొన కొసను పంటికి గుచ్చితే గీతలు పడతాయి, పక్కభాగం ఆనాలి. లేజర్ విషయంలో 2020 నాటి యూరప్ మార్గదర్శకాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. ఈ శుభ్రతకు అదనంగా దాన్ని వాడమని అవి సిఫారసు చేయలేదు. ‘లేజర్ ఉంది’ అనే బోర్డు చూసి ఎక్కువ డబ్బు ఇచ్చేకన్నా, సందుల లోతు ప్రోబ్‌తో కొలిచి పంటి పంటికీ అంకెలు రాసుకునే వైద్యుణ్ని వెతుక్కోవడం మేలు.

మరి పసుపు? దాని గుణాన్ని నేను తక్కువ చేయడం లేదు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. అందులోని కర్కుమిన్‌కు వాపు తగ్గించే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు. గార తీశాక కర్కుమిన్ జెల్ పెట్టి చూసిన చిన్న పరీక్షలు కొన్ని మంచి సూచనలిచ్చాయి. ఆ వరస గమనించాలి: గార తీశాక. మన పాత వైద్యం క్రమమూ ఇదే. సుశ్రుతుడు చెప్పిన ఇరవై శస్త్రాల్లో దంతశంకువు ఒకటి. దంతశర్కరను, అంటే గారను, చిగురు మూలానికి దెబ్బ తగలకుండా తీసి, ఆపైన లక్క పొడి తేనెతో కలిపి రాయమని ఆయన చెప్పాడు. గార ఉండగానే పసుపు రుద్దితే పైచిగురు వాపు కొంత తగ్గి రక్తం ఆగవచ్చు. అడుగున ఎముక కరగడం ఆగదు. నా భయం ఇక్కడే. రక్తమే మనకు దొరికే తొలి హెచ్చరిక. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో ఆ హెచ్చరిక కూడా సరిగా వినబడదు, పొగాకు వల్ల చిగుళ్ల రక్తస్రావం తగ్గుతుంది కనుక. ఇంటింటా బీడీలు చుట్టిన ఈ జిల్లాలో ఇది గుర్తుపెట్టుకోవలసిన విషయం.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయనే మాట ఊరూరా వినిపిస్తుంది. అది ఊరికే పుట్టిన మాట కాదు. ఎముక కరిగిన పళ్లను అప్పటిదాకా గార దిమ్మెలు ఒకదానికొకటి కట్టిపట్టి ఉంచుతాయి. తీశాక అసలు కదలిక బయటపడుతుంది. వాపు తగ్గిన చిగురు కిందికి దిగి పళ్ల మధ్య సందులు కనబడతాయి, కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమంటుంది. ఆ ఎముక పోయింది గార ఉన్న ఏళ్లలో. తీశాక చాలామందిలో చిగురు మళ్లీ పంటిని బిగించి, కదలిక నెలల్లో తగ్గుతుంది.

ఖర్చు సంగతి నిజమే. కూలి పోగొట్టుకుని రెండు మూడు సార్లు రావడం పేదవాళ్లకు తేలిక కాదు. పక్కనే నిజామాబాద్ దగ్గర మల్లారంలో దంత వైద్య కళాశాల ఉంది. ఇలాంటి కళాశాలల్లో పర్యవేక్షణలో విద్యార్థులు చేసే చికిత్సకు సాధారణంగా ప్రైవేటు క్లినిక్ కన్నా తక్కువ అవుతుంది. లోతైన సందులుంటే మత్తిచ్చి ఒక్కో వైపు చేస్తారు, సుమారు మూడు నెలలకు మళ్లీ కొలుస్తారు. 5 మిల్లీమీటర్లు దాటిన సందుల్లో ఎంత నేర్పరి చేతికైనా కొంత గార మిగిలిపోవచ్చు. అలాంటి చోట్ల చిగురు తెరిచి చేసే ఆపరేషన్ గురించి ఆ రెండో కొలత తర్వాతే మాట్లాడతారు. షుగర్ ఉన్నవాళ్లు చికిత్సకు వెళ్లే రోజు తమ షుగర్ రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లాలి. షుగర్ అదుపు తప్పితే చిగురు సరిగా మానదు.