చెడిన మాంసకృత్తులకు 'చావు చీటీ'
జీవకణంలో ఏరివేత ఇలా జరుగుతుంది

మన ఒంట్లోని ప్రతి కణంలోనూ నిత్యం వేల రకాల మాంసకృత్తులు తయారవుతుంటాయి. కండ కదలాలన్నా, తిన్నది అరగాలన్నా అవే ఆధారం. అన్ని తయారయ్యేచోట కొన్ని వంకరపోవడం, కొన్ని పాతబడి పాడవడం మామూలే. అలాగే వదిలేస్తే అవి ఉండకట్టి కణం పనికి అడ్డుపడతాయి. చేటతో తాలు చెరిగినట్టు కణం వాటిని ఏరి పారవేయాలి.

ఏది తాలో, ఏది గింజో తెలిపేందుకు 'యుబిక్విటిన్' అనే చిన్న మాంసకృత్తి ఉంది. అడవిలో కొట్టవలసిన చెట్టుకు ముందుగా సుత్తిముద్ర వేసినట్టు, పారవేయవలసినదానికి ఇది చీటీలా అంటుకుంటుంది.

మూడు చేతులు మారి...

చీటీ అంటించే పనిలో మూడు రకాల ఎంజైములున్నాయి. మొదటిది చీటీని సిద్ధం చేస్తుంది. రెండోది అందుకొని మోస్తుంది. మూడోది 'లైగేజ్'. ఎవరికి అంటించాలో గుర్తుపట్టేది ఇదే. మనిషి కణాల్లో ఇటువంటివి 600కు పైగా ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కో రకం సరకు అప్పగింత.

సాధారణంగా ఒక్క చీటీ చాలదు. నాలుగో, అంతకు మించో గొలుసుగా పడితే, పీపా వంటి 'ప్రోటియాసోమ్' ఆ మాంసకృత్తిని లోనికి లాగి ముక్కలు చేస్తుంది. చీటీలు ఊడివచ్చి మళ్లీ వాడుకలోకి వస్తాయి. ముక్కలు కూడా వృథా కావు. కొత్త మాంసకృత్తులకు ముడి సరకవుతాయి.

పడగొట్టడానికీ ఖర్చే

పాక వేయడానికి కూలి ఇవ్వాలి గాని, కూలదోయడానికి ఖర్చెందుకు? మాంసకృత్తిని విరవడానికి కణం శక్తిని ఎందుకు వెచ్చిస్తుందో చాలాకాలం అంతుబట్టలేదు. ఇజ్రాయెల్‌కు చెందిన అవ్రామ్ హెర్ష్కో, ఆరన్ చెఖనోవర్, అమెరికాకు చెందిన ఇర్విన్ రోజ్ కుందేలు రక్తకణాలతో ప్రయోగాలు చేసి 1980 ప్రాంతంలో ఈ గుట్టు విప్పారు. చీటీ వేయడానికే శక్తి కావాలని తేల్చారు. మంచిదీ చెడ్డదీ కలిపి విరిచేయకుండా ఉండాలంటే ఆ ఖర్చు తప్పదు. ముగ్గురికీ 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

కాపలావానికే చీటీ పడితే

'పి-53' అనే మాంసకృత్తి కణానికి కాపలాదారు. దెబ్బతిన్న కణాన్ని పెరగనివ్వదు. స్త్రీల గర్భాశయ ముఖద్వారంలో చేరే పాపిల్లోమా వైరస్‌లలో ప్రమాదకరమైన రకాలు దానికే ఎసరు పెడతాయి. ఆ వైరస్ మన కణంలోని లైగేజ్‌నే పట్టుకొని, ఏ తప్పూ లేని పి-53కి చీటీ వేయిస్తుంది. కాపలా పోయిన కణం అదుపు తప్పుతుంది. చాలామందిలో ఈ వైరస్ దానంతటదే పోతుంది. పోకుండా తిష్ఠ వేస్తే కొన్నేళ్లకు కాన్సర్‌కు దారితీయవచ్చు.

దీనికి టీకా ఉంది. అయితే అప్పటికే సోకిన వైరస్‌ను అది తీసివేయలేదు. అందుకే 9 నుంచి 14 ఏళ్ల వయసు ఆడపిల్లలకు ముందే వేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. టీకా పడినవారైనా 30 ఏళ్లు దాటాక పరీక్ష చేయించుకోవాలి. ఏ బాధా లేదని ఊరుకోరాదు. తొలిదశలో ఈ జబ్బు బయటపడితే నయం చేయవచ్చు.